చదివేటప్పుడు కన్ను ఏం చేస్తుంది?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ పిల్లల నాటికకూ మధ్య ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఈ రెండింటి నడుమ నిలబడి మాట్లాడేవాడి అవస్థ మీకు తెలియనిది కాదు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్‌తో నా చదువు ఆగిపోయింది. గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని. ఒక్కొక్క వ్యాగనుకు పదకొండు అంకెల నంబరు. ఆ నంబర్లను కాగితంతో సరిచూడడం నా నిత్యకృత్యం. పొద్దస్తమానం కంటితో బతికేవాణ్ణి గనుక, కన్ను ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని కొంతకాలంగా దొరికినవన్నీ చదువుతున్నాను.

ఇంకొక కారణం కూడా ఉన్నది. అది మీ అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఈ ఒడిశాలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఒడియా గడగడా చదువుతారు. ఇంగ్లీషూ ఫరవాలేదు. తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, పేజీ తిరిగేలోగా ఆవులిస్తారు. అప్పుడు మనం ఏమంటాం? "బద్ధకం" అంటాం. "ధ్యాస లేదు" అంటాం. మరీ దిగులుపడితే "కళ్లలో ఏదో లోపముందేమో" అంటాం. ఈ మూడు మాటల్లో ఎంత నిజమున్నదో, చూపును కొలిచి చూసిన శాస్త్రజ్ఞుల పని వల్ల చాలావరకు తేలుతుంది. అందుకని ఈ విషయం తీసుకున్నాను.

ముందుగా మీరంతా ఒక్కసారి కుడిచేయి ముందుకు బారుగా చాచి, బొటనవేలి గోరును చూడండి. చూశారా? మన కంటికి ఒకేసారి బాగా స్పష్టంగా కనిపించే చోటు ఇంచుమించు ఆ గోరంతే. దాని చుట్టూ ఉన్నదంతా మసకే. ఎంత దూరం పోతే అంత మసక. అయితే మనకు లోకమంతా స్పష్టంగానే కనిపిస్తున్నట్టు ఉంటుంది గదా? దానికి కారణం, కన్ను ఆ గోరంత చూపును సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి మరొక చోటికి గెంతిస్తూ ఉండడమే. మెలకువగా ఉన్న వేళలో రోజుకు లక్షకు పైగా గెంతులు. ఇన్ని గెంతులు వేస్తున్నట్టు మనకు తెలియనే తెలియదు. ఇంటికి వెళ్లి అద్దంలో మీ ఎడమ కన్ను చూసుకుని, వెంటనే కుడి కన్ను చూసుకోండి. మీ కళ్లు కదలడం మీకు ఎంతకీ కనిపించదు. పక్కన నిలబడ్డవారికి మాత్రం చక్కగా కనిపిస్తుంది. గెంతే క్షణంలో మనసు చూపును అణచివేస్తుంది. అందుకే ఈ సంగతి వేల సంవత్సరాలు ఎవరికీ పట్టుబడలేదు.

పట్టుబడింది పందొమ్మిదో శతాబ్దం చివర. పారిస్ నగరంలో ఎమిల్ జవాల్ అనే నేత్రవైద్యుడు ఉండేవాడు. చదివేటప్పుడు చూపు పంక్తి వెంట రైలు పట్టాల మీద పోయినట్టు నున్నగా సాగిపోతుందని అందరూ అనుకునేవారు. ఆయన ప్రయోగశాలలో లామార్ అనే ఆయన ఒక విచిత్రమైన పని చేశాడు. కనురెప్పకు సన్నని గొట్టం ఆనించి, రబ్బరు గొట్టాలతో దాన్ని చెవులకు తగిలించుకుని, చదివేవాడి కన్ను చేసే చప్పుడు విన్నాడు. కన్ను గెంతినప్పుడల్లా చిన్న శబ్దం. చూపును చెవితో లెక్కపెట్టారన్నమాట! జర్మన్ శాస్త్రజ్ఞుడు హేరింగ్ కూడా 1879లో ఇటువంటి గొట్టంతోనే కంటి శబ్దం విన్నాడు. చూపు జారదు, గెంతుతుంది, గెంతి ఆగుతుంది, ఆగినప్పుడే చదువుతుంది. ఈ గెంతుకు ఫ్రెంచి భాషలో సకాడ్ అన్నారు. ప్రపంచమంతా ఇప్పటికీ అదే పేరు. ఈ సభలో మనం గెంతు అనే అందాం, ఆగడాన్ని నిలుపు అందాం.

విచారమేమంటే, ఇతరుల కళ్లకోసం అంత శ్రమపడిన జవాల్ తన కళ్లు నీటికాసుల వ్యాధితో పోగొట్టుకున్నాడు. గ్లాకోమా అంటారే, అదే. ఆ తరువాత కూడా ఊరుకోలేదు. 1903లో అంధులకు పనికివచ్చే పుస్తకమొకటి రాశాడు.

తరువాత అమెరికాలో హ్యూయీ అనే ఆయన కంటికి మత్తుమందు వేసి, నల్లగుడ్డు మీద సున్నపుముద్దతో చేసిన చిన్న గిన్నె అంటించి, దానికి సన్నని అల్యూమినియం పుల్ల తగిలించి, పొగచూరిన డప్పు మీద చూపు జాడను గీయించాడు. వింటేనే కళ్లు చెమర్చుతాయి. అదృష్టవశాత్తూ 1901లో డాడ్జ్, క్లైన్ అనే ఇద్దరు కంటిని ముట్టుకోకుండానే ఆ పని సాధించారు. కంటి మీద పడ్డ వెలుగు చుక్క ఎటు కదిలితే అటు ఫోటో పలక మీద గీత పడేటట్టు చేశారు. నేటి పరికరాలకు మూలం ఈ ఉపాయమే. ఇప్పుడు కంటికి కనిపించని పరారుణ కాంతి వేసి, కెమెరాతో సెకనుకు వెయ్యిసార్లు కంటి జాడ తీసే యంత్రాలున్నాయి. చదివేవాడు హాయిగా కూర్చుని చదువుకుంటాడు, అంతే.

ఇక నాకు బాగా నచ్చిన మనిషి దగ్గరకు వస్తాను. మాస్కోలో 1914లో పుట్టిన ఆల్ఫ్రెడ్ యార్బస్. ఈయన పద్ధతి సున్నితమైనదేమీ కాదు. మత్తుచుక్కలు వేసి, రెప్పలు మూయకుండా పట్టీలు అంటించి, గడ్డం కింద ఆసరా పెట్టి, కంటిగుడ్డు మీద చిన్న మూత అతికించేవాడు. లోపలి గాలి కొంచెం పీల్చేస్తే మూత కంటిని పట్టుకుని ఉంటుంది. మూతకు చిన్న అద్దం. ఆ అద్దం మీద వెలుగు పడి ఫోటో కాగితం మీద గీతలు గీస్తుంది. కొద్ది నిమిషాల కంటే ఎక్కువ ఉంచడానికి వీలులేదు.

ఆ మూతతో తేలిన మొదటి సంగతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. చూసే వస్తువును ఆ మూతకే తగిలిస్తే కన్ను ఎటు కదిలితే వస్తువూ అటే కదులుతుంది. అనగా, కంటి లోపల బొమ్మ ఒకే చోట నిలిచిపోతుంది. అప్పుడు ఏమవుతుంది? కొద్ది సెకన్లలో ఆ వస్తువు మాయమైపోతుంది! కళ్లెదుటే ఉన్నది, వెలుతురున్నది, కన్ను తెరిచే ఉన్నది, అయినా కనిపించదు. ఇంగ్లండులో డిచ్‌బర్న్ 1952లో, అమెరికాలో రిగ్స్ 1953లో వేరువేరు పరికరాలతో ఇదే కనుక్కున్నారు. కదలని చూపు గుడ్డి చూపు. పిల్లవాడు కుదురుగా ఒకచోట చూడడని విసుక్కునే తండ్రులు ఈ సంగతి వినాలి. కదలడమే కంటి ధర్మం.

రెండో సంగతి మరీ ప్రసిద్ధమైనది. రష్యా చిత్రకారుడు రేపిన్ 1884లో ప్రదర్శించిన చిత్తరువు ఒకటుంది. ఎవరూ ఎదురుచూడని వేళ, ప్రవాస శిక్ష అనుభవించిన మనిషి ఇంటి గదిలోకి అడుగుపెడతాడు. ముసలి తల్లి కుర్చీలోంచి లేస్తున్నది. పియానో దగ్గర భార్య. బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు. తలుపు పట్టుకుని పనిమనిషి. యార్బస్ ఈ చిత్రాన్ని ఒకే మనిషికి ఏడుసార్లు చూపించాడు, ప్రతిసారీ మూడు నిమిషాలు. చిత్రం మారలేదు, కళ్లు మారలేదు. మార్చినది ప్రశ్న ఒక్కటే. మొదటిసారి ఏమీ అడగలేదు. తరువాత, ఈ కుటుంబం ఆర్థిక స్థితి ఏమిటన్నాడు. వీళ్ల వయసులెంత అన్నాడు. ఆ మనిషి రాకముందు వీళ్లేం చేస్తున్నారన్నాడు. ఎవరేం బట్టలు కట్టుకున్నారో గుర్తుంచుకోమన్నాడు. ఎవరెక్కడున్నారో, ఏ వస్తువెక్కడుందో గుర్తుంచుకోమన్నాడు. చివరికి, ఆ మనిషి ఎంతకాలం ఇంటికి దూరంగా ఉండి ఉంటాడని అడిగాడు.

ఏడుసార్లకూ ఏడు రకాల గీతలు పడ్డాయి. వయసు అడిగితే చూపు ఒక ముఖం నుంచి మరొక ముఖానికి తిరిగింది. ఆస్తి అడిగితే బట్టల మీదికీ సామాను మీదికీ పోయింది. ఎంతకాలం దూరమున్నాడని అడిగినప్పుడు వచ్చినవాడి ముఖానికీ ఇంటివాళ్ల ముఖాలకూ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నది. నాకు ఈ చివరిది చదివినప్పుడు మనసు ఒక విధమైపోయింది. సెలవు మీద స్వగ్రామం వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దలు మనలను చూసే చూపు అదే గదా!

ఈ ఫలితాలన్నీ యార్బస్ 1965లో రష్యన్ భాషలో పుస్తకంగా వేశాడు. 1967లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. దానికి సంపాదకుడు, ఇందాక చెప్పిన రిగ్సే. ఆ రోజుల్లో అమెరికాకూ రష్యాకూ ఉన్న మైత్రి ఎటువంటిదో మీకు తెలుసు, అయినా ఈ పుస్తకం ఆగలేదు. ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఈ ఏడు ప్రసిద్ధ గీతలు ఒకే ఒక్క మనిషి చూపువి. ఒక్కడితో లోకమంతటికీ సూత్రం చెప్పరాదు. 2009లో అమెరికాలో డి ఆంజెలస్, పెల్జ్ అనే ఇద్దరు మూతలూ పట్టీలూ లేకుండా ఎక్కువమంది మీద ఆ ప్రయోగం మళ్లీ చేశారు. ప్రశ్ననుబట్టి చూపు మారడం నిజమేనని తేలింది. యార్బస్ గీతల్లో కనిపించినంత తీవ్రంగా మాత్రం లేదు. అంతే నాకు నమ్మకం కలిగించింది. మరీ బాగా కుదిరిన లెక్కను మా ఆఫీసులో ఒకటికి రెండుసార్లు చూస్తాము.

కన్ను తనంతట తాను పోదు, మనసులో ఉన్న ప్రశ్న దాన్ని తీసుకుపోతుంది. యార్బస్ చూపించినది ఇది. ఇది చిత్తరువుకు సంబంధించిన మాట. మన పిల్లల పుస్తకానికి ఇది ఎలా వర్తిస్తుందో చూపించినవాడు కీత్ రేనర్ అనే అమెరికన్. 1943లో పుట్టి 2015లో పోయాడు. మాసచూసెట్స్‌లోనూ, తరువాత శాండియేగోలోనూ ఆచార్యుడుగా ఉండి, జీవితమంతా చదివేవాళ్ల కళ్లను చూడడంతోనే గడిపాడు.

రేనర్, ఆయన గురువు మెకాంకీ కలిసి 1975లో ఒక తమాషా పరికరం ప్రకటించారు. కంప్యూటరు తెర మీద వాక్యం ఉంటుంది. కన్ను ఎక్కడ నిలిచిందో యంత్రం కనిపెట్టి, అక్కడి కొన్ని అక్షరాలను మాత్రమే సరిగా చూపిస్తుంది. మిగతా అక్షరాలన్నింటినీ చెరిపివేసి వాటి చోట ఏదో ఒక అక్షరం పెడుతుంది. కన్ను గెంతితే ఆ కిటికీ కూడా దానితోపాటే గెంతుతుంది. కిటికీ చిన్నదైతే చదువు నత్తనడక. కిటికీ పెంచుతూ పోతే, ఒక మేరకు వచ్చేసరికి చదువు మామూలు వేగానికి వస్తుంది. ఆ మేర ఎంతో అదే మన చూపు మేర. ఇంగ్లీషు చదివే పెద్దవాళ్లకు నిలుపు చోటు నుంచి కుడివైపు పద్నాలుగు పదిహేను అక్షరాలు, ఎడమవైపు మూడు నాలుగు. కన్ను గుండ్రమే, చూపు మేర గుండ్రం కాదు. పోయే దిక్కుకు సాగి ఉంటుంది.

మరి కుడి నుంచి ఎడమకు రాసే భాషలో? 1981లో రేనర్, ఆయన తోటివారు ఇజ్రాయెల్ దేశస్థులను పిలిచి, అదే మనుషుల చేత హీబ్రూ చదివించారు, ఇంగ్లీషూ చదివించారు. హీబ్రూ చదివేటప్పుడు వాళ్ల మేర ఎడమకు సాగింది. ఇంగ్లీషు పట్టుకోగానే కుడికి సాగింది. అవే కళ్లు! ఇందాక యార్బస్ ప్రశ్న మారిస్తే చూపు మారింది, ఇక్కడ భాష మారిస్తే చూపు మేరే మారింది. చైనా లిపిలో ఈ మేర ఎడమకు ఒక అక్షరం, కుడికి మూడు మాత్రమేనని తరువాత తేల్చారు, ఒక్కొక్క అక్షరంలో అంత సరుకు ఇమిడి ఉంటుంది గనుక. మన "స్త్రీ" అనే అక్షరాన్నే చూడండి, అడుగున వొత్తులు, పైన గుడిదీర్ఘం. కాబట్టి ఇంగ్లీషు పదిహేను అక్షరాల లెక్కను మన గుణింతాలకు యథాతథంగా అన్వయించకూడదు. పద్ధతి మాత్రం వర్తిస్తుంది.

ప్రవాసంలో ఉన్నవారికి ఇంతకంటే శుభవార్త ఏం కావాలి? రెండు లిపులు నేర్చిన కళ్లు ఒకదానికొకటి అడ్డు రావు. ఒడియా చదివే పిల్లవాడికి తెలుగు నేర్పితే రెండూ చెడతాయని మనలో కొందరు పెద్దమనుషులు గట్టిగా వాదిస్తారు. చదువుకున్నవారే. వారికి ఈ 1981 నాటి ప్రయోగం ఒకటి చాలునని నేననుకుంటాను.

ఇక పిల్లల సంగతి. ఇంగ్లీషు చదివే పెద్దవాడి కన్ను ఒక్కొక్క నిలుపుకు సుమారు పావు సెకను ఆగుతుంది, ఏడెనిమిది అక్షరాలకొకసారి గెంతుతుంది. నూరు గెంతుల్లో పది పదిహేను వెనక్కి, అనగా చదివినదాన్నే మళ్లీ చూడడానికి. కొత్తగా నేర్చిన ఆరేడేళ్ల పిల్లలకు నిలుపు మూడోవంతు సెకను, నిలుపుల సంఖ్య పెద్దవారికి రెట్టింపు, వెనక్కి గెంతులూ రెట్టింపే. 1986లో రేనర్ రెండో తరగతి పిల్లల చూపు మేర కొలిస్తే కుడివైపు సుమారు పదకొండు అక్షరాలే వచ్చింది. అంతవరకు ఎవరైనా ఊహించవచ్చు. అసలు కీలకం తరువాత ఉన్నది. నాలుగో తరగతి పిల్లలకు వాళ్ల స్థాయికి మించిన పాఠం ఇస్తే, వాళ్ల చూపు మేర వెంటనే కుంచించుకుపోయింది. కళ్లు నిన్నటివే. పాఠం మారింది. మాటలు తెలియకపోయేసరికి కన్ను ముందుకు చూడడం మానేసి, ఉన్నచోటే తడుముకున్నది.

మన పిల్లవాడు తెలుగు పుస్తకం ముందు చేసేదీ ఇదే. ఒడియాలో వాడి చూపు ముందున్న మాట మీదికి పోతుంది, ఆ మాట ఏమయి ఉంటుందో మనసు సగం పోల్చుకుంటుంది. తెలుగులో ముందున్న మాట వాడు ఎన్నడూ వినలేదు. "వాకిలి" అన్న మాట ఎరగడు. మన క్వార్టర్సుకు వాకిలి ఎక్కడిది? "నాగలి", "గాదె", "చలివేంద్రం" విననే లేదు. విననిదాన్ని కన్ను ఎలా పోల్చుకుంటుంది? దాన్ని బద్ధకమనడం అన్యాయం.

కంటి లోపమనడం అంతకంటే పెద్ద పొరపాటు. ఈ వాదం శాస్త్రజ్ఞుల్లోనూ నడిచింది. 1981లో పావ్లిడిస్ అనే పరిశోధకుడు, చదవడంలో వెనుకబడే పిల్లలకు అక్షరాలు లేకుండా ఉత్త వెలుగు చుక్కలు చూపించినా చూపు అస్తవ్యస్తంగా ఉంటుందని, లోపం కంటి కదలికలోనే ఉన్నదని ప్రకటించాడు. మరికొందరు పరిశోధకులు ఆ ప్రయోగం మళ్లీ చేశారు. వారికి అటువంటి తేడా దొరకలేదు. చదవలేకపోవడం వల్ల చూపు తడబడుతుంది గాని, చూపు తడబడడం వల్ల చదవలేకపోవడం కాదని రేనర్ నిర్ణయం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన కాలనీలోనే ఒకాయన తన కొడుకును ఎక్కడో కంటి వ్యాయామాల తరగతిలో చేర్పించాడు. నెలల తరబడి పిల్లవాడు ఊగే బంతిని చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలల జీతంలో గణనీయమైన భాగం పోయింది. తెలుగు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. దూరం చూపు, దగ్గర చూపు పరీక్ష వేరు సుమండీ. అద్దాలు కావలసిన పిల్లలకు అద్దాలు పెట్టించవలసినదే. నేను అనేది కంటిని తిప్పే కసరత్తుల మాట.

అట్లాగే నిమిషానికి వేల మాటలు చదివిస్తామని పత్రికల్లో ప్రకటనలు వస్తుంటాయి. పేజీని ఒక్క చూపులో మింగడం నేర్పుతారట. రేనర్ పోయిన తరువాత 2016లో ఆయన పేరు మీదా, మరి నలుగురు పరిశోధకుల పేరు మీదా ఒక పెద్ద వ్యాసం వచ్చింది. గోరంత చూపుతో పేజీని మింగడం కుదరదని, వేగం పెంచితే అర్థం జారిపోతుందని, నిజంగా వేగం పెరిగే మార్గం భాష మీద పట్టు పెంచుకోవడమేనని అందులో వివరంగా రాశారు. నాకు ఇది అనుభవమే. తెలిసిన భాషలో మాటను కన్ను ఊహించుకుని దాటిపోతుంది. వ్యాగను నంబరును ఎవడూ ఊహించలేడు. ఏడు తరువాత మూడు వస్తుందో తొమ్మిది వస్తుందో చూసి తీరవలసినదే. పదకొండు అంకెలు సరిచూడడానికి పట్టే కాలంలో వార్త ఒకటి చదివేయవచ్చు.

బద్ధకం సంగతీ కంటి సంగతీ అయినవి. ధ్యాస సంగతి మిగిలింది. ఇందులో మాత్రం కొంత నిజమున్నది, అయితే మనం అనుకునే తీరులో కాదు. కన్ను ఒకచోట నిలిచింది గనుక మనసు కూడా అక్కడే ఉన్నదనుకోకూడదు. 2013లో బోస్టన్‌లో డ్రూ, వో, వూల్ఫ్ అనే ముగ్గురు పరిశోధకులు 24 మంది ఎక్స్‌రే వైద్యులకు ఊపిరితిత్తుల చిత్రాలు ఇచ్చి, వ్యాధి గడ్డలు వెతకమన్నారు. ఆఖరి చిత్రాల్లో ఒక గొరిల్లా బొమ్మ దూర్చారు, మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మందికి గొరిల్లా కనిపించలేదు! వాళ్లు అటు చూడలేదేమో అంటారా? చూపు జాడ తీసి ఉంచారు గదా, పరిశీలిస్తే గొరిల్లాను పట్టించుకోని వారిలో ఎక్కువమంది కళ్లు నేరుగా దాని మీదే నిలిచి పోయినట్టు తేలింది. వాళ్లు అసమర్థులు కారు. గడ్డ కోసం వెతికే మనసు గొరిల్లాను చూడదు. యార్బస్ చెప్పిన ప్రశ్నే ఇక్కడ తెరచాటు వేసింది.

మన రైల్వేవాళ్లకు ఇది పాత విద్యే. లోకోపైలటు, అసిస్టెంటు ఇద్దరూ సిగ్నలు చూడగానే దాని రంగు పైకి పలికి ఒకరికొకరు చెప్పుకుంటారు. జపాను రైల్వేలో ఆవిరి ఇంజన్ల కాలం నుంచి వేలితో చూపించి మరీ పైకి పలుకుతారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షించి చూస్తే, వేలు చూపించి పలకడం వల్ల పొరపాట్లు నూటికి దాదాపు 85 వంతులు తగ్గాయి. చూసేవారికి నవ్వు వస్తుంది. కాని కన్ను నిలిచిన చోట మనసును కూడా నిలబెట్టే ఉపాయం అది. మన పిల్లవాడు వేలు పెట్టి పైకి చదువుతుంటే "ఇంకా వేలేమిటిరా" అని చేయి తీయించేస్తామే, నా మటుకు నేను తీయించను. అవసరం తీరిన నాడు వేలు దానంతట అదే పోతుంది.

మా అమ్మాయికి పదేళ్లు. యంత్రాలు మనకెక్కడివి? 1928లో మైల్స్ అనే అమెరికన్ మానసిక శాస్త్రజ్ఞుడు చెప్పిన ఉపాయం ఒకటి దొరికింది. అచ్చుకాగితం నడుమ చిన్న చిల్లు చేసి, కాగితం పిల్లకు ఎదురుగా పట్టుకుని, వెనుక నుంచి ఆ చిల్లులోంచి పిల్ల కళ్లను చూడడమే. కళ్లు గెంతడం, ఆగడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒడియా కథలో పంక్తికి ఆరేడు నిలుపులు లెక్కపెట్టాను. అంతే పొడుగున్న తెలుగు పంక్తికి పదిహేను దాటాయి, మధ్యలో వెనక్కి గెంతులు వేరే. తరువాత నుంచి పద్ధతి మార్చాము. కథను ముందురోజు రాత్రి వాళ్ల నాయనమ్మ నోటితో చెబుతుంది. తెలియని మాట వచ్చినచోట ఆగి, అది ఏమిటో, తమ ఊళ్లో ఎక్కడ ఉండేదో చెబుతుంది. మర్నాడు అదే కథ అమ్మాయి చదువుతుంది. సంక్రాంతి వెళ్లేసరికి తెలుగు పంక్తికి నిలుపులు పదికి దిగాయి. ఒక్క పిల్ల లెక్క ఇది. యార్బస్‌ను అన్నట్టే నన్నూ అనవచ్చు. అయితే అమ్మాయి ఆవులించడం మానేసింది, దానికి చిల్లుకాగితం అక్కరలేదు. నాయనమ్మకు కూడా సాయంత్రాలు ఒక పని దొరికింది. ఇన్నాళ్లూ ఆమె మాటలు ఈ ఇంట్లో ఎవరికీ అక్కరలేకపోయాయి.

ఇటువంటి పెద్దవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. గోదావరి జిల్లాల మాట, విశాఖ మాట, గంజాం తెలుగు మాట, అన్నీ ఈ కాలనీలోనే వినిపిస్తాయి. మన ఆదివారం తెలుగు తరగతిలో ఇప్పటిదాకా అక్షరాలు దిద్దించి, వెంటనే పుస్తకం చేతికిస్తున్నాము. మొదటి అరగంట ఒక పెద్దవారి చేత ఆ రోజు పాఠంలోని కథ చెప్పించి, తరువాత పుస్తకం తీయిస్తే బాగుంటుందని కార్యవర్గానికి కాగితం రాసి ఇచ్చాను. అధ్యక్షులవారు ఆలోచిస్తామన్నారు. వచ్చే నెల సమావేశంలో ఎవరైనా బలపరిస్తే సంతోషిస్తాను.

చిల్లుకాగితాలు ఇరవై తయారుచేసి కార్యదర్శిగారి బల్ల మీద ఉంచాను. పది తెలుగు, పది ఒడియా. అక్షరం పెద్దదిగా ఉన్నవే ఏరాను. చిల్లు పెన్సిలు దూరేంత ఉంటే చాలు, పెద్దది చేస్తే పిల్లలు చదవడం మాని మీ కంటినే చూసి నవ్వుతారు. దీపం పిల్ల ముఖం మీద పడేటట్టు కూర్చోబెట్టండి. మొదట నిలుపులు మాత్రమే లెక్కపెట్టండి. వెనక్కి గెంతులు పట్టుకోవడానికి రెండు మూడు రోజులు అలవాటు కావాలి.